పలువురు వ్రాసిన యాత్మకథ

ఆత్మకథ యనునది ఒక్కరి కథ. పుట్టినది మొదలు వ్రాయు దినమువఱకు జరిగినదంతయు ఒకే మనుష్యునకు జరిగినదనియు, అనుభవించినవాడును వ్రాయుచున్నవాడును ఒకడే యనియు నమ్మికతో మనమట్టి గ్రంథమును చేతబట్టుదుము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము మొదలుకొని మన భాషలో వెలువడిన స్వీయచరిత్రములు ఈ నమ్మికపైననే నిలిచియున్నవి. చిన్ననాడు దెబ్బలు తిన్న బాలుడును "నేనే". నేడు కలము పట్టిన వృద్ధుడును "నేనే". ఈ రెంటి నడుమ తెగని దారమొకటి యున్నదని రచయిత చెప్పనక్కఱలేదు, చదువరి యడుగనక్కఱలేదు. ఆ దారమే తెగిపోయినవారు తమ కథను వ్రాయదలచినచో నేమగును? వ్రాయుట వారికి మేలు చేయునా? అట్టి వ్రాతను చదువువారి ధర్మమేమి? ఈ ప్రశ్నలను మా పాఠకుల యెదుట నుంచుటకై ఈ మాసము ఒక యాంగ్లగ్రంథమును విమర్శకు దీసికొంటిమి.

1987వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ఆ గ్రంథము పేరు "వెన్ ర్యాబిట్ హౌల్స్". "కుందేలు రోదించునపుడు" అని దీనిని తెలుగున జెప్పుకొనవచ్చును. కర్త పేరుండవలసిన చోట ఒక వ్యక్తి పేరు మాత్రమే లేదు. "ట్రుడి చేజ్ పక్షమున ఆమె దళము" అను నర్థమిచ్చు మాటలున్నవి. ట్రుడి చేజ్ శరీరమొకటియే. కాని ఆ శరీరమున 92 వ్యక్తిత్వములు నివసించుచుండెనని గ్రంథము చెప్పుచున్నది. అవియన్నియు గూడి తమ్ము దళమని పిలుచుకొన్నవి. కుందేలు వానిలో నొకటి; మాటలు రాక బాధను రోదనముగా మాత్రమే వెలిబుచ్చు వ్యక్తిత్వమునకది పేరు. రెండేండ్ల ప్రాయము మొదలుకొని మాఱుతండ్రి జరపిన యత్యాచారములే యీ చీలికకు గారణమని యందు గలదు. చికిత్స చేసిన రాబర్ట్ ఫిలిప్స్ అను మనశ్శాస్త్రజ్ఞుడు పీఠికను, ఉపసంహారమును వ్రాసెను. నడుమనున్న కథనమంతయు దళము వ్రాసినదే. చేజ్ 2010లో మరణించెను.

చదువరులలో గొందఱకీ వ్యాధి క్రొత్తది కావచ్చును. వైద్యులిప్పుడు దీనిని "డిసోసియేటివ్ ఐడెంటిటీ డిసార్డర్" అనుచున్నారు. అమెరికా మనోవైద్యసంఘమువారి రోగనిర్ణయగ్రంథమున 1980లో నిది బహుళవ్యక్తిత్వమను పేర జేరి, 1994లో ఇప్పటి పేరును బొందెను. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి రోగవర్గీకరణమున, 2022 జనవరినుండి యమలునకు వచ్చిన పదునొకండవ కూర్పునందును, ఈ పేరే యున్నది. సౌలభ్యమునకై మేము దీనిని వ్యక్తిత్వవిభేదమని వ్యవహరింతుము. ఒకే మనుష్యునియందు వేర్వేఱు స్మృతులు, వేర్వేఱు స్వభావములు గల వ్యక్తిత్వములుండి, ఒకటి పైకి వచ్చినపుడు జరిగినది మఱొకదానికి దెలియకపోవుట దీని ముఖ్యలక్షణము. తాను కొన్నట్లు జ్ఞాపకములేని వస్తువు తన పెట్టెలో గనబడును. తానెఱుగని మనుష్యుడు వీధిలో జనువుగా బలుకరించును. నడుమ గడచిన గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు, లెక్కకు రావు. దీనిని స్కిజోఫ్రేనియాతో గలపి చెప్పుట లోకమున సాధారణమే గాని, ఆ రెండును వేర్వేఱు వ్యాధులు.

ఇట్టి చీలిక యెట్లు కలుగును? ఫ్రాన్సుదేశపు పండితుడు పియేర్ జానే 1889లో బ్రకటించిన గ్రంథమున, దుస్సహమైన యనుభవము తక్కిన మనస్సుతో గలియక వేఱై నిలిచి, తనంతదాను పనిచేయగలదని సోదాహరణముగా నిరూపింప యత్నించెను. నేటి వైద్యులలో బెక్కండ్రు దానిని మఱికొంత దూరము తీసికొనిపోయిరి. మంచి కుండ యొకటి పగిలి పెంకులైనదని మనమూహింతుము; వారు చెప్పునది మట్టి యింకను కుండగా గుదురకమునుపు జరిగిన హాని. పసిబిడ్డకు "నేను" అను భావము పుట్టుకతో నేర్పడి యుండదు. ఆకలిగొన్న బిడ్డ, నవ్వుచున్న బిడ్డ, భయపడిన బిడ్డ అందఱు నొకరే యను నెఱుక పెద్దల లాలనలో గొన్నియేండ్లకు గుదురును. అన్నము పెట్టు చేయియే హింసించు చేయి యైనపుడు ఆ బిడ్డ పాఱిపోజాలదు. రాత్రి హింసించినవానియొద్దకే యుదయమున బోయి యాదరము గోరవలెను. అందుచే రాత్రిని ఎఱిగిన మనస్సును, ఉదయమును ఎఱిగిన మనస్సును వేర్వేఱు గదులలో బెరుగును. ఆ వయస్సునందది బిడ్డ ప్రాణమును నిలుపు నుపాయము. పెద్దయైన పిమ్మట నా గదుల నడుమ ద్వారములు లేకపోవుటయే వ్యాధి.

ఈ వ్యాధిని గూర్చిన గ్రంథములకు లోకమున గొఱతలేదు. వానిని మేము సాహిత్యదృష్టితో జూచి యొక ప్రశ్న వేయుచున్నాము: కలమెవరి చేతనున్నది? అత్యాచారము శరీరమునకు జేసిన హానితో ముగియదు. బిడ్డ చూచినది చూడలేదనియు, జరిగినది జరుగలేదనియు, చెప్పినచో నెవరును నమ్మరనియు బలుమాఱు చెప్పి, దాని కథను దానినుండి లాగికొనుటయు నందు భాగమే. అట్లు పోయినదానిని మరల జేజిక్కించుకొనుట స్వస్థతకు ముఖ్యమైనచో, మఱొకరు వ్రాసిపెట్టిన కథవలన నది సిద్ధింపదు. ఈ గీటురాతిపై మూడు గ్రంథములను గీచి చూతము.

మొదటిది 1957లో థిగ్‌పెన్, క్లెక్లీ యను నిరువురు వైద్యులు బ్రకటించిన "ది త్రీ ఫేసెస్ ఆఫ్ ఈవ్". జార్జియా రాష్ట్రమందలి యొక గృహిణిలో మూడు వ్యక్తిత్వములను గనుగొంటిమనియు, చికిత్సవలన మూడవది నిలిచి తక్కినవి సమసిపోయెననియు వారు వ్రాసిరి. ఆ యేడే యది చలనచిత్రమై, అందు నటించిన జొయాన్ వుడ్‌వర్డునకు ఆస్కారు బహుమానమును దెచ్చెను. కాని యా గృహిణి కథ ముగియలేదు. క్రిస్ కాస్ట్‌నర్ సైజ్‌మోర్ అను నామె 1977లో "ఐయామ్ ఈవ్" అను గ్రంథమును తన పేరుతో వెలువరించి, తనయందు మూడు గాక యిరువదికి బైగా వ్యక్తిత్వములు గలిగెననియు, నయమైనదని వైద్యులు వ్రాసిన పిమ్మటగూడ నేండ్లతరబడి బాధపడితిననియు దెలిపెను. ఆమె విషయమున వ్యాధికి మూలము అత్యాచారము గాదు. పసితనమున గన్నులార జూచిన మరణములు, గాయములు అని యామె చెప్పుకొన్నది. తన జీవితకథపై హక్కు తనదా, వెనుక వ్రాయించుకొన్న పత్రమును బట్టి చలనచిత్రసంస్థదా యను వ్యాజ్యమును సైత మామె 1989లో న్యాయస్థానమునకు దీసికొనిపోవలసివచ్చెను. వైద్యులు దుర్మార్గులని మేమనము. వారు సానుభూతితోనే వ్రాసిరి. అయినను ముగింపు కావలసినది వారి గ్రంథమునకు. రోగి యా ముగింపు దాటిన తరువాత గూడ బ్రదుకవలసియుండెను.

రెండవది 1973లో ఫ్లోరా రీటా ష్రైబర్ అను పత్రికారచయిత్రి వ్రాసిన "సిబిల్". పదునాఱు వ్యక్తిత్వములు గల యువతి, క్రూరురాలైన తల్లి, కరుణగల వైద్యురాలు, చివరకు వ్యక్తిత్వములన్నియు నొక్కటియగుట - ఇది కథ. పుస్తకమునకు గొప్ప ప్రచారము గలిగెను. 1976లో టెలివిజను చిత్రముగా గూడ వచ్చెను. రోగి యసలు పేరు షర్లీ మేసన్ అనియు, వైద్యురాలు కార్నీలియా విల్బర్ అనియు బిమ్మట లోకమునకు దెలిసెను. 2011లో డెబీ నేథన్ అను రచయిత్రి వ్రాతపత్రములను బరిశోధించి మఱొక గ్రంథము బ్రకటించెను. తనకు బహువ్యక్తిత్వములు లేవనియు, ఉన్నట్లు నటించితిననియు మేసన్ 1958లోనే వైద్యురాలికి నుత్తరము వ్రాసియుండెను. వైద్యురాలు దానిని చికిత్సకు రోగి చూపు ప్రతిఘటనముగా దీసికొని త్రోసిపుచ్చెను. మత్తుమందులిచ్చి మాటలాడించుటయు, పుస్తకమువలన వచ్చు లాభమును మువ్వురు పంచుకొనుటకు ఒడంబడిక వ్రాసికొనుటయు నేథన్ బయటపెట్టిన విషయములలోనివే. ఇందు మాకు మిక్కిలి బాధాకరముగా దోచినది యొకటి కలదు. ఆ రోగి తన చేతితో వ్రాసిన యుత్తరమునకు విలువ లేకపోయెను. ఆమెను గూర్చి పరులు వ్రాసిన పుస్తకము మాత్రము సత్యమై లోకమును జుట్టివచ్చెను. ఆమె రోగము నిజమో కాదో యనుదానిపై బండితులింకను వాదింతురు గాక. ఆమె కలమును లాగికొనిరనుట మాత్రము నిస్సందేహము.

మూడవది మేము విమర్శకు దీసికొన్న "కుందేలు". ఇందు మాఱినది కలము పట్టిన చేయి. చికిత్స జరుగుచుండగనే సిద్ధమైన వ్రాతప్రతి యిది. చిత్రమేమనగా, పలువురు వ్రాసిన యీ యాత్మకథయందు "నేను" అను మాటకంటె "ఆ స్త్రీ" యను మాటయే కథను నడపుచున్నది. లోకమునకు ట్రుడి చేజ్ గా గనబడు నామెను వ్రాయువారు ప్రథమపురుషమున జెప్పుదురు. చికిత్సకుని సైతము అసలు పేరు గాక స్టాన్లీ యని పిలుతురు. రోగిని వైద్యుడు పరీక్షించుటయే మనమెఱిగిన పద్ధతి. ఇచ్చట రోగి లోపలనున్నవారు వైద్యుని బరీక్షించుచున్నారు. ఇతడు నమ్మదగినవాడా? విన్నదానికి వెగటుపడునా? మఱునాడు గూడ వచ్చునా? వారు తలుపును కొంచెము కొంచెముగా దెఱచుటయే గ్రంథములోని కథ. ద్వారపాలకుని వంటి వ్యక్తిత్వమొకటి యెవరెప్పుడు బయటికి రావలెనో చూచుచుండును. కావలి కాయు బలశాలి యొకడుండును. మాటలు లేని కుందేలొకటి మూలనుండును. ఎవరు చెప్పగలిగినది వారు చెప్పుదురు. చెప్పలేనిది చెప్పబడకయే యుండును.

గుణములను జెప్పినచోట దోషములను దాచుట విమర్శకధర్మము గాదు. ఈ గ్రంథము దీర్ఘమైనది, కష్టమైనది. ఎవరు మాటలాడుచున్నారో తెలియక చదువరి తికమకపడు పుటలు పెక్కు గలవు. కాలక్రమము తెగుచుండును, ఒక్కటే సంగతి పలుమాఱు తిరిగి వచ్చును. హింసను వర్ణించు ఘట్టములు కొన్నియెడల సహింపరానివి. అట్టి బాధ యనుభవించినవారు దీనిని తోడు లేక, సిద్ధపడక చదువరాదని మా యభిప్రాయము. అయినను ఈ దోషములలో గొన్ని సత్యమునకు జెల్లించిన వెలయని యెంచవలెను. క్రమము చెడిన జ్ఞాపకమునకు సొగసైన క్రమము గల్పించినచో నది "సిబిల్" వంటి నవలయగును. చదువరికి గలిగెడు తికమక యా స్త్రీ ప్రతిదినము అనుభవించిన తికమకలో నొక పాలు మాత్రమే.

ఇక వ్రాయుటవలన మేలు గలుగునా యను ప్రశ్న. దీనికి భావుకులు చెప్పు సమాధానమొకటి కలదు: దుఃఖమును వెళ్లబోసికొన్నచో గుండె తేలికయగునని. మేము దానిని పూర్తిగా నంగీకరింపజాలము. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనువారు 46 మంది విద్యార్థులను దీసికొని, వరుసగా నాలుగు దినములు, దినమునకు పదునైదు నిమిషములు వ్రాయించిరి. కొందఱు సామాన్య విషయములను, కొందఱు తమ జీవితములోని ఘోరానుభవములను వ్రాసిరి. జరిగినదానిని, దానివలన గలిగిన వేదనను గూడ వ్రాసినవారు వ్రాసిన వెంటనే మిక్కిలి క్రుంగిరి; కాని పిమ్మటి యాఱు మాసములలో వారు వైద్యశాలకు బోవలసిన యవసరము తక్కినవారికంటె దగ్గెను. తరువాత జరిగిన పరిశోధనలను వందకు పైగా గూర్చి 2006లో బరిశీలించినపుడు మేలున్నమాట నిజమే గాని యది స్వల్పమని తేలినది. మఱొక విశేషమును బెన్నెబేకరే గమనించెను. మేలు పొందినవారి వ్రాతలలో దినదినమునకు "ఏలననగా", "ఇపుడు తెలిసినది" యను తీరు మాటలు హెచ్చుచుండెను. అనగా మేలు చేసినది కారణకార్యములను గుర్తించి, చెదరినదానిని కథగా గూర్చుకొనుట. ఒకే దుఃఖమును మార్పులేక తిరిగి తిరిగి వ్రాయుట గాదు.

పై పరీక్షలలోనివారు సామాన్య విద్యార్థులు. వ్యక్తిత్వవిభేదము గలవారి విషయమున మఱింత జాగ్రత్త యవసరము. ఒక వ్యక్తిత్వము భరించిన జ్ఞాపకము సిద్ధముగాలేని మఱొక వ్యక్తిత్వముపై నొక్కసారి వచ్చి పడినచో, అది ఔషధము గాక క్రొత్త గాయమగును. జూడిత్ హెర్మన్ అను వైద్యురాలు 1992లో బ్రకటించిన గ్రంథమున స్వస్థతకు మూడు దశలను జెప్పెను. ముందు భద్రత, పిదప జ్ఞాపకమును, శోకమును, తుదకు లోకముతో మరల సంబంధము. ఈ క్రమమును తలక్రిందులు చేసి, ఇంకను హింసించువాని యింటనే యున్న పిల్లను నీ కథ వ్రాయుమని ప్రోత్సహించువారు మేలు పేర గీడు చేయుచున్నారు. ఆ వ్రాతను హింసకుడు చూచినచో నేమగునో వారాలోచింపరు.

ఈ వ్యాధి గలవారికి వ్రాత చేయు మొదటి యుపకారము లోకమునకు దెలియబఱచుట గాదు. చికిత్సకులు తఱచుగా నొక సామాన్యమైన నోటుపుస్తకమును బెట్టుకొమ్మని చెప్పుదురు. రాత్రి యొక వ్యక్తిత్వము వ్రాసిన ప్రశ్నకు మఱునాడు మఱొక వ్యక్తిత్వము సమాధానము వ్రాయును. చేవ్రాత మాఱును; ఒకటి పెద్దవారి వ్రాత, ఒకటి అక్షరములు దిద్దుకొను పసివాని వ్రాత. నిన్న మధ్యాహ్నము నేనెచటికి బోతిని? డబ్బెవరు తీసిరి? చిన్నదానికి చీకటియన్న భయము, దీపమార్పకుడు. ఇట్టి సంగతులతో నా పుస్తకము నిండును. ద్వారములు లేని గదుల నడుమ నొక కాగితము చేతులు మాఱుచున్నది. ఒకరినొకరు ఎఱుగనివారు ఒకరి యునికిని ఒకరు మన్నింప మొదలిడుదురు. దీనిలో సాహిత్యమేమున్నదని యడుగువారికి మా జవాబిది: సాహిత్యము చేయవలసిన పని, అనగా నొకరి యనుభవమును మఱొకరి యెఱుకలోనికి జేర్చుట, ఇచ్చట నొకే మనుష్యుని యందు జరుగుచున్నది. "కుందేలు" గ్రంథమిట్టి నోటుపుస్తకమునకు బంధువు. అచ్చుపడినందువలన గాక, వ్రాయబడినందువలననే యది దళమునకు మేలు చేసియుండునని మా నమ్మిక.

ఈ గ్రంథము ముగింపు పెక్కండ్రకు రుచింపలేదు. చికిత్సకు ఫలము వ్యక్తిత్వములన్నియు నొక్కటియగుటయే యని యెంచువారుండగా, చేజ్ దళము అట్లొక్కటియగుటకు సమ్మతింపలేదు. కలిసి బ్రదుకుటకు మాత్రమే సమ్మతించినది. తమలో నెవరిని దుడిచివేయుదుమని వారి వాదము. వైద్యులు దీనిని మొండితనమని త్రోసివేయలేదు. ఈ వ్యాధికి చికిత్స చేయువారి యంతర్జాతీయసంఘము 2011లో బ్రకటించిన మార్గదర్శకములలో, ఐక్యము కోరదగినదే యైనను, దానిని బొందలేనివారును గోరనివారును గలరనియు, వారికి వ్యక్తిత్వముల నడుమ సామరస్యమే తగిన ఫలమనియు జెప్పబడినది. సైజ్‌మోర్ ఐక్యమును బొంది సుఖపడినది. చేజ్ పొందక బ్రదికినది. ఈ రెంటిలో నేది మేలని తీర్పు చెప్పు నధికారము చదువరికి లేదు.

సంశయవాదులకు గూడ సమాధానము చెప్పవలసియున్నది. ఈ వ్యాధి వైద్యుల సూచనలవలనను, ఇట్టి పుస్తకములవలనను బుట్టినదే యని వాదించు పండితులు గలరు. 1980, 1990 దశకములలో అమెరికాయందు రోగనిర్ణయములు విపరీతముగా బెరిగి, హిప్నాటిజము మొదలగువానితో లేని జ్ఞాపకములను బుట్టించిరని వైద్యులపై వ్యాజ్యములు గూడ నడచినమాట నిజము. కావున ప్రతి పుస్తకమును పరీక్షింపక నమ్ముట వివేకము గాదు. అయినను ఒక వైద్యుడు తప్పుగా జెప్పినంతమాత్రమున జ్వరమే లేదనుట యెంత తగునో, "సిబిల్" దోషములను జూపి పీడితులందఱ నోళ్లను మూయుటయు నంతే తగును. చిన్ననాడు "నిన్నెవరు నమ్ముదురు" అని హింసకుడన్న మాటనే పండితుడు శాస్త్రము పేర మరల ననకుండ జాగ్రత్తపడవలెను.

ఇందుకు బ్రబలమైన దృష్టాంతము ఆస్ట్రేలియాయందు దొరకినది. జెనీ హేన్స్ అను స్త్రీ తనపై బాల్యమున జరిగిన ఘోరమును గూర్చి 2019లో సిడ్నీ న్యాయస్థానమున సాక్ష్యమిచ్చెను. ఆమెయందలి వేర్వేఱు వ్యక్తిత్వములు తామెఱిగినది తాము చెప్పుటకు న్యాయస్థాన మంగీకరించెను. నాలుగేండ్ల పిల్లయైన సింఫనీ యను వ్యక్తిత్వమందు ముఖ్యమైనది. సాక్ష్యము మొదలైన కొలదికాలమునకే నిందితుడైన తండ్రి నేరము నొప్పుకొనెను. అతనికి 45 ఏండ్ల కారాగారశిక్ష పడినది. 2022లో తన మనోవైద్యుడు జార్జ్ బ్లెయిర్-వెస్ట్ తో గలసి యామె "ది గర్ల్ ఇన్ ద గ్రీన్ డ్రెస్" అను స్వీయకథను బ్రకటించెను. ఇచ్చట వైద్యుడున్నాడు గాని, కలమును లాగికొనలేదు. 1958 నాటి రోగి యుత్తరమునకును 2019 నాటి సాక్ష్యమునకును గల తారతమ్యమును మా పాఠకులు గమనింపవలెను. మొదటిదానిని విననొల్లని వైద్యశాస్త్రము మోసపోయెను. రెండవదానిని విన్న న్యాయస్థానము సత్యమును బొందెను.

ఇదంతయు దూరదేశముల గొడవ యని మనవారెవరైన ననుకొన్నచో నది భ్రమ. భారతప్రభుత్వపు స్త్రీ శిశు సంక్షేమశాఖ 2007లో బ్రకటించిన పరిశీలనమున, ఆంధ్రప్రదేశముతో గూడ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను బ్రశ్నించిరి. వారిలో నూటికి 53 మందికి బైగా ఏదో యొక విధమైన లైంగిక దౌర్జన్యమునకు లోనైతిమని చెప్పిరి. దౌర్జన్యము చేసినవారిలో సగము మంది పిల్లలెఱిగినవారో, పిల్లలు నమ్మవలసిన స్థానమున నున్నవారో యని తేలినది. ఇంతమందికిని వ్యక్తిత్వవిభేదము గలుగునని మేమనుట లేదు. అది యరుదైన ఫలము. కాని దాని కనువైన మౌనము మన యిండ్లలో బుష్కలముగా నున్నది. "ఇల్లు గుట్టు" అని మనవారు చెప్పుకొను నీతి పలుచోట్ల పిల్ల నోటికి గట్టిన గుడ్డయైనది. 2000లో పింకీ విరాణి యను రచయిత్రి "బిట్టర్ చాక్లెట్" అను నాంగ్లగ్రంథమున తన బాల్యానుభవమును దాచక చెప్పి యీ గుట్టును రట్టు చేసినది. పిల్లలను లైంగిక నేరములనుండి రక్షించు చట్టము 2012లో వచ్చినది. అట్టి నేరము తెలిసినవారు అధికారులకు దెలుపవలెననియు, బిడ్డ యెవరో తెలియునట్లు పత్రికలు వ్రాయగూడదనియు నా చట్టము శాసించుచున్నది. ఈ రెండవ నియమమును మా వృత్తివారు మఱువరాదు.

మన గ్రామములలో నింకొక చిక్కున్నది. ఒక స్త్రీ గొంతు మాఱి, వేఱు పేరు చెప్పి, పిమ్మట నేమియు దెలియదనినచో మనవారు పూనకమందురు, దయ్యమందురు. జాతరలో, పూజలో వచ్చు పూనకము వ్యాధి గాదు. రోగనిర్ణయగ్రంథములును సమాజ మంగీకరించిన యాచారమును వ్యాధిగా లెక్కింపవలదనియే చెప్పుచున్నవి. కాని వ్యక్తిత్వవిభేదము కొన్ని సమాజములలో ఆవేశరూపమున గనబడవచ్చునని 2013 నాటి యమెరికా రోగనిర్ణయగ్రంథమంగీకరించినది. కోరకయే వచ్చి, మనిషిని బాధించి, సంసారమును చెఱచు నావేశమునకు వేపమండలతో గొట్టుట చికిత్స గాదు. బాల్యమున గొట్టబడి చీలిన మనస్సును మరల గొట్టుట యెంత క్రూరమో చెప్పనక్కఱలేదు. 2022నుండి ప్రభుత్వము నడపుచున్న టెలిమానస్ సంస్థకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో దెలుగున మాటలాడువారు గలరు. భూతవైద్యునికంటె ముందు అచ్చటికి బోవుట మేలు.

ఈ గ్రంథమును దెలుగు చేయదగునా యని మమ్మడిగినచో, తగునందుము. కాని సులభము గాదు. ఆంగ్లమున "వుయ్" అను నొక్క మాట చాలును. మన భాషకు "మేము", "మనము" అని రెండున్నవి; వినువానిని వెలిగా నుంచునది యొకటి, లోనికి జేర్చుకొనునది యొకటి. దళము చికిత్సకునితో బలుకునపుడు "మేము" అనవలెను. తమలో దాము పలుకునపుడు "మనము" అనవలెను. వ్యక్తిత్వములలో స్త్రీలును బురుషులును గలరు గనుక ప్రథమపురుషమున జెప్పినపుడెల్ల మన క్రియాపదము వారెవరో తేల్చి చెప్పవలసివచ్చును. అనువాదకుడు ప్రతిపుటయందును మాటలాడుచున్నదెవరో, ఎవరితోనో తెలిసికొనక యొక్క వాక్యమైన వ్రాయజాలడు. ఒకరినొకరు ఎఱుగక "నేను" అనుకొన్నవారు "మేము" అని, పిమ్మట "మనము" అని యనగలిగిన క్రమము ఆంగ్లమూలముకంటె దెలుగున స్పష్టముగా గనబడునని మాకు దోచుచున్నది. అట్టి యనువాదమునకు బూనుకొనువారు భాషాపండితులైన జాలదు. చికిత్స నెఱిగినవారి సాయమును గూడ బొందవలెను.

తుదకు చదువరుల ధర్మమును గూర్చి రెండు మాటలు. ఇట్టి గ్రంథమును కుతూహలముతో దెఱచి, ఘోరమైన పుటలను వెదకి చదివి మూసివేయువారు కొందఱుందురు. వారు గ్రంథకర్తలకు జేయునది మేలు గాదు. మఱికొందఱు దయతో, తమకు దెలిసిన పీడితులను మీరును వ్రాయుడని, అచ్చు వేయుడని తొందరపెట్టుదురు. వ్రాయవలెనో వద్దో, ఎంత వ్రాయవలెనో, ఎవరికి జూపవలెనో, ఎప్పుడు నిలుపవలెనో నిర్ణయించుకొనుట వ్రాయువారి హక్కు. పెట్టెలో దాచుకొన్న నోటుపుస్తకమును వ్రాతయే. చింపివేసిన పుటయు వ్రాతయే. బిడ్డ కథను బిడ్డకు దక్కనీయనివారు చేసిన పాపమును, మేలుచేయు నాతురతతో మనమును జేయరాదు. ఒకరు మనయొద్దకు వచ్చి చెప్పదలచినపుడు, వారెంతమందియై వచ్చినను, అడ్డుపడక కూర్చుండి వినుట మాత్రము మన చేతిలోని పని.